పేతురు (అపొస్తలుడు)

పేతురు యేసు క్రీస్తు యొక్క పన్నెండుమంది శిష్యులలో ప్రముఖుడు. అసలు పేరు సీమోను. క్రీ.శ. 1వ శతాబ్దమునకు చెందిన యూదుడు. గలిలయ సముద్రములో చేపలు పట్టి జీవించినవాడు. యేసును మెస్సీయగా ఒప్పుకొన్న శిష్యునిగా క్రైస్తవ లోకము ఇతనిని స్మరిస్తుంది. అయితే ఆ బిరుదునకు యేసు ఇచ్చిన అర్థమును గ్రహించుటకు ఇతనికి చాలా కాలమే పట్టింది.

తొలి జీవితము

సీమోను స్వస్థలము బేత్సయిదా. తరువాత కపెర్నహూములో నివసించాడు. ఇతడు వివాహితుడు, జ్వరముతో పడియున్న ఇతని అత్తను యేసు స్వస్థపరచినట్లు సువార్తలు తెలుపుతున్నాయి. యోహాను సువార్త ప్రకారము మెస్సీయ కనబడ్డాడన్న వార్తను ఇతనికి అందించినవాడు సోదరుడైన అంద్రెయ. యేసు ఇతనికి కేఫా అని పేరు పెట్టాడు. అరమాయిక్ భాషలో దీనికి రాయి అని అర్థము. దాని గ్రీకు అనువాదము నుండి పేతురు అను రూపము వచ్చింది.

మెస్సీయ అను బిరుదు

హీబ్రూ భాషలో మెస్సీయ అనగా తైలముతో అభిషేకింపబడినవాడు. గ్రీకులో దీనికి సమానార్థకము క్రిస్తోస్. కనుక క్రీస్తు అనునది యేసు ఇంటిపేరు కాదు, బిరుదు. పేరులో భాగమైపోవుటచే ఈ సంగతి సాధారణముగా మరుగునపడుతుంది. ప్రాచీన ఇశ్రాయేలులో రాజులను, యాజకులను అభిషేకించేవారు. సౌలు, దావీదు అట్టివారే. యూదులను బబులోను చెరనుండి విడిపించిన పారశీక చక్రవర్తి కోరెషును, అన్యుడైనప్పటికీ, యెషయా గ్రంథము అభిషిక్తుడని పేర్కొనుట గమనార్హము.

క్రీ.పూ. 63లో రోమను సేనాని పాంపే యెరూషలేమును పట్టుకున్నాడు. దావీదు వంశపు రాజొకడు వచ్చి పరపాలనను అంతమొందిస్తాడన్న ఆశ యూదులలో అనేకులకు ఉండేది. అందరి నిరీక్షణ ఒకే రీతిగా లేదు. యాజకుడైన అభిషిక్తుని కొరకు కూడ ఎదురుచూసినవారున్నారని మృతసముద్ర లిఖితప్రతుల వలన తెలుస్తున్నది. ఏ రీతిగా చూచినను, శత్రువుల చేతిలో మరణించు మెస్సీయ సామాన్యుల ఊహకు అందనివాడు.

ఫిలిప్పు కైసరయ వద్ద

హెర్మోను పర్వతపాదమున, రోమా చక్రవర్తి బిరుదును ధరించిన ఈ పట్టణ ప్రాంతములో, తానెవరని యేసు శిష్యులను ప్రశ్నించాడు. పేతురు ఆయనను మెస్సీయ అన్నాడు. ఈ మాట ఎవరితోను చెప్పవద్దని యేసు ఆజ్ఞాపించి, తాను శ్రమపడి చంపబడవలసియున్నదని బోధింపసాగాడు. పేతురు ఆయనను పక్కకు తీసికొనిపోయి వారించబోయాడు. తన గురువును రాజుగా ఊహించుకున్నవానికి ఇది సహజమే. కాని యేసు అతనిని సాతానుతో పోల్చి కఠినముగా గద్దించాడు. బిరుదు సరియైనదే, దానికి పేతురు ఇచ్చుకున్న అర్థము సరికాదు.

యేసును బంధించిన రాత్రి, ప్రధాన యాజకుని ఇంటి ముంగిట, ఆయనను ఎరుగనని పేతురు మూడుమార్లు బొంకాడు.

సంఘ నాయకునిగా

మ్రానున వ్రేలాడదీయబడినవాడు శాపగ్రస్తుడని ధర్మశాస్త్రము. అటువంటప్పుడు సిలువ వేయబడిన వ్యక్తిని మెస్సీయ అనుట ఎట్లు? అపొస్తలుల కార్యముల ప్రకారము పెంతెకొస్తు దినమున పేతురు దీనికి సమాధానము చెప్పాడు: దేవుడు యేసును మృతులలోనుండి లేపి, ఆయననే ప్రభువుగా, క్రీస్తుగా నియమించాడని. మరణము ఆ బిరుదును రద్దుచేయలేదని, లేఖనముల నెరవేర్పులో భాగమని క్రైస్తవుల విశ్వాసము. లోకములో యుద్ధములు ఆగలేదు గనుక మెస్సీయ ఇంకను రావలసియున్నాడని యూదులు భావిస్తారు.

రోమను శతాధిపతియైన కొర్నేలీ ఇంట అన్యులకు బాప్తిస్మమిప్పించినవాడు పేతురే. అయినను అంతియొకయలో అన్యులతో కలిసి భుజించుట మానుకొని పౌలుచేత మందలింపబడ్డాడు. శిష్యులను మొదటిసారి క్రైస్తవులు అని పిలిచినది ఈ నగరములోనే. పేతురు పేరున ఉన్న మొదటి పత్రిక కూడ ఈ మాటను వాడుతుంది; అయితే ఆ పత్రిక కర్తృత్వమును పలువురు పండితులు సందేహిస్తారు.

మరణము

నీరో కాలములో, సుమారు క్రీ.శ. 64-67 మధ్య, రోములో హతసాక్షి అయ్యాడని సంప్రదాయము. తలక్రిందులుగా సిలువ వేయబడ్డాడన్న కథ తరువాతి గ్రంథములది. కాథలిక్కులు ఇతనిని మొదటి పోపుగా గౌరవిస్తారు. ప్రొటెస్టంటులు దీనిని అంగీకరించరు. వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ బసిలికా ఇతని సమాధిపై నిర్మింపబడినదని నమ్మకము. అచ్చట 1940వ దశకమున త్రవ్వకములు జరిగాయి. 1968లో ఆరవ పౌలు పోపు పేతురు అస్థికలు గుర్తింపబడినట్లు ప్రకటించాడు. పురావస్తు శాస్త్రజ్ఞులలో దీనిపై ఏకాభిప్రాయము లేదు.