గ్రంథాలయమే బడి : గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి జీవితం

మన సంఘ సభ్యులలో ఉపాధ్యాయులుగా పనిచేసి రిటైరైనవారు చాలామంది ఉన్నారు. బడిలో లైబ్రరీ అంటే ఏమిటో వారికి వేరే చెప్పనక్కరలేదు. ఒక బీరువా, దానికో తాళం, ఆ తాళంచెవి ఒక పంతులుగారి జేబులో. పుస్తకం పోతే జీతంలో కోత పడుతుందని భయం. అందుకని బీరువా తెరిచేది తనిఖీ రోజునే. తప్పు ఆ పంతులుగారిది కాదు. పుస్తకాన్ని పిల్లవాడి చేతికి ఎలా చేర్చాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. అది కూడా నేర్చుకోవలసిన విద్యేనని తెలుగునాట నమ్మి పనిచేసిన పెద్దలలో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ముఖ్యులు.

ఆయన 1883లో కర్నూలులో జన్మించారు. 1906 నాటికే ఎం.ఏ. పట్టా. ఆ రోజుల్లో ఆ చదువుకు ఏ పెద్ద కొలువైనా దొరికేది. ఆయన మాత్రం పంతులు కావాలని రాజమండ్రి ట్రైనింగ్ కళాశాలలో చేరారు. 1907లో బిపిన్ చంద్రపాల్ అక్కడికి వచ్చి ఉపన్యాసాలిచ్చారు. విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు ధరించి తరగతులకు వెళ్లారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్‌కు కోపం వచ్చింది. గాడిచర్లవారిని కళాశాల నుంచి వెళ్లగొట్టారు, సర్కారు ఉద్యోగానికి పనికిరాడని తేల్చారు. నెలనెలా పింఛను అందుకునే మనబోటి వాళ్లం ఒక్క క్షణం ఆగి ఆలోచించవలసిన సంగతి ఇది. ఇరవైనాలుగేళ్లైనా నిండని ఎం.ఏ. పట్టభద్రుడికి ఒక్క బ్యాడ్జీ కారణంగా ఆ దారి మూసుకుపోయింది.

తర్వాత బెజవాడలో స్వరాజ్య పత్రిక నడిపారు. 1908లో తిరునెల్వేలి కాల్పులను ఖండిస్తూ రాసిన వ్యాసానికి రాజద్రోహం కేసు పెట్టారు. కింది కోర్టు ఆరు నెలలు వేస్తే, హైకోర్టు దాన్ని మూడేళ్లకు పెంచింది. శిక్ష తగ్గించమని పైకోర్టుకు వెళ్లేవారిని చూశాం గాని, ఇది తిరగబడ్డ వ్యవహారం! వేలూరు జైలులో ఖైదీగా ఉండి 1911లో విడుదలయ్యారు. అప్పుడు ఆదరించినవారు కొమర్రాజు లక్ష్మణరావుగారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం నెలకొల్పినవారిలో ఒకరైన లక్ష్మణరావుగారే ఆయనను విజ్ఞాన సర్వస్వం పనిలో పెట్టుకున్నారు. అంతకుముందే ఆయన విజ్ఞానచంద్రికా గ్రంథమాలకు అబ్రహాం లింకన్ చరిత్ర రాసి ఇచ్చి ఉన్నారు.

ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో బెజవాడలో పుట్టింది. దాని వెనుక శ్రమ అయ్యంకి వెంకటరమణయ్యగారిది. తర్వాతి కాలంలో ఆ సంఘానికి గాడిచర్లవారు చాలా ఏళ్లు అధ్యక్షులుగా ఉన్నారు. ఆయన పట్టు ఒక్కటే. రాత్రిబడిలో అక్షరాలు దిద్దిన రైతు, కూలీ మళ్లీ చదవకపోతే ఆ అక్షరాలు ఆరు నెలల్లో మాసిపోతాయి. కనుక ఊరి గ్రంథాలయమే వయోజనుల బడి కావాలి, దాన్ని నడిపేవాడు కాపలాదారు కాదు, పంతులు. అందుకే సంఘం కార్యకర్తలకు శిక్షణ తరగతులు పెట్టింది. పుస్తకాలను పద్దులో ఎక్కించడం, విషయాన్ని బట్టి వర్గీకరించడం, కార్డులు రాయడం, ఇచ్చి పుచ్చుకునే లెక్క. ఇవన్నీ చేతిపనులు, నెల రోజుల్లో పట్టుబడతాయి. వచ్చినవాడికి ఏం కావాలో కనిపెట్టి ఆ పుస్తకం తీసి ఇవ్వడమే అసలు విద్య, అది చాలాకాలానికి గాని రాదు. మద్రాసులో రంగనాథన్‌గారు 1929 నుంచి ఈ విద్యనే శాస్త్రంగా బోధించారు. పుస్తకాలు దాచడానికి కాదు, వాడుకోవడానికి అన్నదే ఆయన మొదటి సూత్రం. మన బీరువా తాళాలకు ఈ సూత్రం ఇంకా చేరలేదు.

నిజాం రాజ్యంలో ఉన్న మన ప్రాంతంలో తెలుగు పుస్తకం పెట్టుకోవడమే ఒక సాహసంగా ఉండేది. చట్టం కూడా మనకు ఆలస్యంగా, 1955లో హైదరాబాదు గ్రంథాలయ చట్టంగా వచ్చింది. అటువైపు మద్రాసు చట్టం 1948 నాటిది. రెంటినీ కలిపిన ఆంధ్రప్రదేశ్ చట్టం 1960 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. మనం ఇంటిపన్నుతో కట్టే గ్రంథాలయ పన్ను ఆ చట్టం కిందిదే. పసుపు అమ్మిన డబ్బుతో ఇల్లు కట్టుకున్న ఆర్మూరు రైతు కూడా దానికి వాటాదారే. లోపలికి వెళ్లి పుస్తకం అడిగే హక్కు ఆ పన్నుతోనే వచ్చింది, అడిగేవారే తక్కువ.

ఆ చట్టం అమలును గాడిచర్లవారు చూడలేదు. 1960 ఫిబ్రవరి 29న, సుమారు నెల రోజుల ముందు, కన్నుమూశారు. నాలుగేళ్లకోసారి వచ్చే తేదీ కావడంతో వర్ధంతి కూడా చాలామందికి గుర్తుండదు. పాతూరి నాగభూషణంగారు మాత్రం మరవలేదు. విజయవాడలో సర్వోత్తమ గ్రంథాలయం నెలకొల్పి, గ్రంథపాలకులకు శిక్షణ పాఠశాల కూడా నడిపారు. శిక్షణ కళాశాల గెంటివేసిన మనిషి పేరు గల చోటే ఎందరో శిక్షణ పొందారు.

మన ఇళ్లలో డిగ్రీ పూర్తిచేసిన మనుమలు, మనుమరాళ్లలో ఎవరికైనా ఈ దారిపై మనసుంటే బి.ఎల్.ఐ.ఎస్సీ. చదవాలి. ఉస్మానియాలో గ్రంథాలయ శాస్త్రం 1959లోనే మొదలైంది. ఇల్లు కదలలేనివారికి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా ఆ కోర్సు నడుపుతున్నది.