వినోబా భావే

ఆచార్య వినోబా భావే (సెప్టెంబర్ 11, 1895 - నవంబర్ 15, 1982) స్వాతంత్ర్య సమరయోధుడు, గాంధేయవాది, భూదానోద్యమ ప్రారంభకుడు. అసలు పేరు వినాయక్ నరహరి భావే.

తొలి జీవితము

వినోబా మహారాష్ట్రలోని గాగోదె గ్రామంలో జన్మించాడు. 1916లో అహ్మదాబాదులోని కొచరబ్ ఆశ్రమంలో గాంధీజీని కలిసి ఆయనకు శిష్యుడైనాడు. 1921లో వార్ధా ఆశ్రమ బాధ్యతలు చేపట్టాడు. 1940లో వ్యక్తి సత్యాగ్రహానికి గాంధీజీ ఎన్నుకున్న మొదటి సత్యాగ్రహి ఈయనే. భగవద్గీతను 'గీతాయీ' పేరుతో మరాఠీలోకి అనువదించాడు.

భూదానోద్యమము

1951లో హైదరాబాదు సమీపాన శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనానికి వినోబా కాలినడకన వచ్చాడు. అప్పటికి తెలంగాణలో భూమి కోసం సాయుధ పోరాటం సాగుతున్నది. సమ్మేళనానంతరం ఆయన పల్లెలలో పాదయాత్ర చేస్తూ ఏప్రిల్ 18న నల్గొండ జిల్లా పోచంపల్లి (ప్రస్తుతం యాదాద్రి భువనగిరి జిల్లా) చేరుకున్నాడు. అక్కడి 40 దళిత కుటుంబాలవారు బ్రతుకుతెరువుకు 80 ఎకరాల భూమి కావాలని కోరారు. వినోబా ఈ విషయాన్ని గ్రామస్థుల ముందుంచగా, వెదిరె రామచంద్రారెడ్డి అనే భూస్వామి 100 ఎకరాలు దానమిచ్చాడు. భూదానోద్యమానికి ఇదే నాంది. నాటినుండి ఆ గ్రామము భూదాన్ పోచంపల్లిగా ప్రసిద్ధి చెందినది.

తరువాత వినోబా పదమూడేళ్ళపాటు దేశమంతటా నడిచి భూమిని సేకరించాడు. ఒక్కొక్క రైతు ఇచ్చే దానంతో ఆగక, భూయాజమాన్యాన్ని గ్రామ సమాజానికే అప్పగించే గ్రామదానము కూడా 1952 నుండి మొదలైనది.

ఫలితాలు, విమర్శలు

ఉద్యమం లక్ష్యము 5 కోట్ల ఎకరాలు కాగా, సేకరించినది 40 లక్షల ఎకరాలకు పైగా మాత్రమే. ఇందులో కొంత సాగుకు పనికిరానిది, కొంత వివాదాలలో ఉన్నది. దానపత్రము వ్రాసినంతనే పేదవానికి భూమి దక్కలేదు. సర్వే చేయించి, హద్దులు చూపి, పట్టా ఇవ్వవలసి ఉండెను. ఈ పనులు సరిగా జరగనందున గణనీయమైన భాగము పంపిణీ కాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1965లో భూదాన, గ్రామదాన చట్టము చేయబడినది. దాతల మనసు మారితే చాలదని, ప్రభుత్వ యంత్రాంగపు తోడ్పాటు కూడా అవసరమని ఈ అనుభవం తెలియజేస్తున్నది. అయినను, ఒక్క చుక్క రక్తం చిందకుండా లక్షలాది ఎకరాలు పేదలకు చేరడం ఈ ఉద్యమపు ఘనత.

చివరి రోజులు

1975లో అత్యవసర పరిస్థితిని సమర్థించాడని వినోబా విమర్శలకు గురయ్యాడు. 1982లో అస్వస్థుడై, ఆహారమును, మందులను నిరాకరించి పౌనార్ ఆశ్రమంలో మరణించాడు.

పురస్కారాలు

- 1958: రామన్ మెగసెసే పురస్కారము
- 1983: భారతరత్న (మరణానంతరం)