వేలికొనకు అందిన అక్షరం

500 రూపాయల నోటును కళ్లు మూసుకుని తడిమి చూడండి. ఎడమా కుడీ అంచుల్లో ఐదేసి వాలు గీతలు ఉబ్బెత్తుగా తగులుతాయి. చూపులేనివాళ్లకు అవే గుర్తు. నోటు నలిగితే అవీ అరుగుతాయనుకోండి, అది వేరే సంగతి.

ఇలా వేలితో చదవడాన్ని సులువు చేసినవాడు లూయీ బ్రెయిలీ. 1809లో ఫ్రాన్స్‌లో పుట్టాడు. మూడేళ్లప్పుడు, తోలుపని చేసే నాన్న కొట్టులో పనిముట్టు కంటికి గుచ్చుకుంది. క్రమంగా రెండు కళ్లూ పోయాయి. పదేళ్లకు ప్యారిస్‌లోని అంధుల బడిలో చేరాడు. అక్కడికి బార్బియే అనే మాజీ సైనికాధికారి పన్నెండు చుక్కల లిపి తెచ్చాడు. చిక్కేంటంటే, అది వేలికొన కింద ఒక్కసారిగా ఇమడదు. లూయీ దాన్ని ఆరు చుక్కలకు కుదించాడు. అప్పటికి వయసు పదిహేను, అంటే మీరు టెన్త్ చదివిన ఈడు!

తర్వాత అదే బడిలో టీచరయ్యాడు. 1852లో క్షయతో చనిపోయాడు. ఆ లిపికి అధికారిక గుర్తింపు మాత్రం 1854లో గానీ రాలేదు. 2009లో మన దేశం ఆయన బొమ్మతో రెండు రూపాయల నాణెం విడుదల చేసింది.