డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు

ఉదయమున రైతు రాగిసంగటి తిని పొలమునకు పోవును. కొంతసేపటికి ఆ సంగటియే అతని కండలలో బలమై, నాగలి పట్టిన చేతిలో కదలికయై యుండును. తిన్న తిండి బలముగా మారుట నిత్యము జరుగు వింత. ఈ మార్పు దేహమున ఏ రూపమున జరుగుననునది విద్వాంసులను ఎంతయో కాలము వేధించిన ప్రశ్న. దాని గుట్టును వెలికి తీసినవారిలో ముఖ్యుడొక తెలుగువాడు. వైద్యవిద్యలో చేరగోరు మన బాలబాలికలు ప్రవేశపరీక్షకై ఏ.టి.పి. అను మూడక్షరములను కంఠస్థము చేయుదురు గాని, వాని వెనుక నున్న యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు ఎరిగినవారు స్వల్పము.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. సంతానము ఏడుగురు, సంసారము బరువైనది. పదమూడేండ్ల ప్రాయమున ఈ బాలుడు, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింతునని ఇల్లు విడిచి పోయెను. పెద్దలు వెదకి తెచ్చి మరల బడిలో వేసిరి. బంధువుల మరణములు చదువునకు ఆటంకములు కాగా, తుదకు చెన్నపట్టణమున హిందూ హైస్కూలు నుండి మూడవ ప్రయత్నమున మెట్రిక్యులేషన్ గట్టెక్కెను.

వడమాలపేట మీదుగా పుత్తూరు, నగరి దాటి పోవు బాట ఆ చెన్నపట్టణమునకే చేరును. తిరుపతిలో 1960లో శ్రీ వేంకటేశ్వర వైద్యకళాశాల వెలయక మునుపు, ఈ ప్రాంతపు వారికి వైద్యవిద్య యన్నచో మొదట స్ఫురించునది ఆ పట్టణమే. సుబ్బారావుగారు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెట్ ముగించి, సన్న్యసించి రామకృష్ణ మఠమున చేరదలచిరి. తల్లి అంగీకరింపలేదు. అంతట మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. చదువునకు మిత్రులును, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును ధనసాహాయ్యము చేసిరి.

అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మ్రోగుచున్న దినములు. సుబ్బారావుగారు ఖద్దరు వస్త్రముతో శస్త్రచికిత్స తరగతికి పోయిరి. ఆంగ్ల ఆచార్యునకు అది కంటగింపాయెను. వ్రాతపరీక్షలలో బాగుగా నెగ్గినను ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కలేదు; అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగము చిక్కకపోగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్ర ఉపన్యాసకులుగా చేరిరి.

ఇంతలో పిడుగువంటి దుఃఖము ఆ ఇంటిపై పడెను. స్ప్రూ యను వ్యాధి ఆయన సోదరులనిద్దరిని బలిగొనెను. ఈ వ్యాధిలో తిన్న తిండి ఒంటబట్టదు. విరేచనములతో దేహము క్షీణించి, రక్తము పలచబడును. సుబ్బారావుగారు కూడ ఆ వ్యాధికే గురియై, లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బ్రతికి బయటపడిరి. తిన్న తిండి దేహమున ఏమగును, ఏ లోపమువలన రక్తము పుట్టదు అను ప్రశ్నలు ఆయనకు పుస్తకములలోనివి కావు. సోదరుల చితులయొద్ద పుట్టినవి.

1922లో, కాకినాడ సత్యలింగ ధర్మసంస్థ సాహాయ్యముతోను, మామగారి తోడ్పాటుతోను ఆయన ఓడనెక్కి అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశ వ్యాధులను గూర్చి చదువుచు, పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రివేళ పనివానిగా కుదిరిరి. వైద్యపట్టము గల వ్యక్తి రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరుచుటకు సిగ్గుపడలేదు. తరువాత అచ్చటి జీవరసాయన శాఖలో చేరి, సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలసి పరిశోధనకు పూనుకొనిరి.

వారి మొదటి విజయము ఒక కొలత. రక్తమునందును, కండయందును గల భాస్వరమును, అనగా ఫాస్ఫరసును, నీలిరంగు యొక్క చిక్కదనమును బట్టి తేలికగా లెక్కించు పద్ధతిని 1925లో వారు ప్రకటించిరి. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి యను పేర అది నేటికిని విద్యార్థులకు నేర్పబడుచున్నది. త్రాసు చేతికి వచ్చిన వర్తకుడు అంగడిలోని సరుకునంతయు తూచినట్లు, వారు ఈ కొలతతో కండను శోధించిరి.

వారు కనుగొన్నదాని విలువ తెలియుటకు మన తిండిని గూర్చి కొంత తెలిసికొనవలెను. వరియన్నము, రాగిసంగటి, చెరకుబెల్లము పిండిపదార్థముల జాతి. జీర్ణమైన పిమ్మట ఇవి ముఖ్యముగా గ్లూకోజ్ అను చక్కెరగా మారును. అందు ఆరు కర్బన పరమాణువులుండును. వేరుసెనగనూనె, నేయి కొవ్వుల జాతి. గ్లిసరాల్ అను ఒక కాడికి మూడు కొవ్వు ఆమ్లములు తగిలించినట్టిది వాని నిర్మాణము. ఒక గ్రాము పిండిపదార్థము సుమారు 4 కిలోకేలరీల శక్తినీయగా, ఒక గ్రాము కొవ్వు సుమారు 9 ఇచ్చును. అందువలననే దేహము మిగులు శక్తిని ఎక్కువగా కొవ్వు రూపమున దాచుకొనును.

అయినను, గాదెనిండ వడ్లున్నంత మాత్రమున బస్సు టిక్కెట్టుకు వడ్లు చెల్లవు. వానిని అమ్మి రొక్కము చేసికొనవలెను. అట్లే కండ కదలుటకు గ్లూకోజ్ గాని, కొవ్వు గాని నేరుగా పనికిరావు. వాని శక్తి మొదట ఏ.టి.పి. అను రొక్కముగా మారవలెను. ఇది న్యూక్లియోటైడుల జాతిలోనిది. అడినీన్ అను నత్రజని క్షారము, రైబోజ్ అను అయిదు కర్బనముల చక్కెర, వానికి వరుసగా తగిలిన మూడు ఫాస్ఫేటులు దీని భాగములు. చివరి ఫాస్ఫేటు విడివడునప్పుడు వెలువడు శక్తియే కండను కదలించును. మిగిలినది ఏ.డి.పి.; తిండి శక్తితో అది మరల ఏ.టి.పి. యగును.

1927లో ఫిస్క్, సుబ్బారావుగార్లు కండలో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కనుగొనిరి. ఇది రొండిన దోపుకొన్న చిల్లర వంటిది; ఒక్కసారి పరుగెత్తవలసి వచ్చినపుడు ఏ.టి.పి. తరుగును క్షణములో పూరించును. 1929లో ఏ.టి.పి.ని వేరు చేసిరి. అదే సంవత్సరము జర్మనీలో కార్ల్ లోమన్ కూడ స్వతంత్రముగా దానిని కనుగొనెను. కండబలమునకు లాక్టిక్ ఆమ్లమే మూలమని అంతవరకు నమ్మకము. కండను గూర్చిన పరిశోధనలకు హిల్, మయర్‌హోఫ్ అను శాస్త్రజ్ఞులు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతిని పొందియుండిరి. క్రొత్త సత్యము ఆ పాత నమ్మకమును మార్చివేసెను.

1930లో డాక్టరేటు లభించినను, హార్వర్డున సుబ్బారావుగారికి శాశ్వతపదవి దక్కలేదు. 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రములోని లెడర్లీ పరిశోధనాలయమునకు తరలి, అచ్చట పరిశోధనల నధ్యక్షత వహించిరి. అచ్చటనే పాత దుఃఖమునకు జవాబు దొరకెను. లూసీ విల్స్ అను వైద్యురాలు, బొంబాయిలో రక్తహీనతతో బాధపడు గర్భిణులకు ఈస్టుసారము మేలుచేయుటను అంతకు పూర్వమే గమనించియుండెను. ఆ మేలుచేయు పదార్థము ఫోలిక్ ఆమ్లము. సుబ్బారావుగారి బృందము 1945 నాటికి దానిని పరిశోధనాలయమున తయారుచేయగలిగెను. క్రొత్త కణము పుట్టవలెనన్న డి.ఎన్.ఏ. కావలెను, డి.ఎన్.ఏ.కు న్యూక్లియోటైడులు కావలెను. అవి కూడుటకు ఫోలిక్ ఆమ్లము తోడుపడును. అది లోపించినచో రక్తకణములు సరిగా పుట్టవు. ఆ మందు రక్తహీనతకే గాక స్ప్రూ వ్యాధికి కూడ పనిచేసెను. సోదరుల కాలమున లేని ఔషధము ఇతరుల సోదరులకు అందెను.

అంతటితో ఆయన ఆగలేదు. ఫోలిక్ ఆమ్లమును పోలియుండియు దాని పని చేయని పదార్థములను ఆయన బృందము తయారుచేసెను. తాళమున దూరి తిరుగని తప్పు తాళపుచెవి అసలు చెవిని అడ్డగించునట్లు, ఇవి వడివడిగా పెరుగు రక్తకాన్సరు కణములను అడ్డగించును. 1948లో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు అమినోప్టెరిన్ అను అట్టి మందుతో కొందరు పసిబిడ్డలలో రక్తకాన్సరు కొంతకాలము తగ్గుటను చూపెను. దాని తోబుట్టువైన మెతోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది. బోదకాలు వ్యాధికి వాడు హెట్రజాన్, డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ కూడ ఆయన ఆధ్వర్యమున నడచిన పరిశోధనాలయమునుండి వెలువడినవే.

1948 ఆగస్టులో, యేబది మూడేండ్ల వయస్సున, సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి మరణించిరి. అమెరికాకు పోయిన పిదప ఆయన స్వదేశమున అడుగిడలేదు. భార్య శేషగిరిగారిని మరల చూడలేదు. లోకమునకు మేలొసగిన ఆ ప్రవాసమునకు వెల చెల్లించినది ఆ ఇల్లాలు కూడ. నోబెల్ బహుమతి ఆయనను వరింపలేదు. తన పేరును చాటుకొను స్వభావమును ఆయనకు లేదు. ఒక శిలీంధ్రమునకు ఆయన పేరు పెట్టిరి. శతజయంతి సందర్భమున 1995లో భారత ప్రభుత్వము తపాలాబిళ్ల వెలువరించెను.

మెట్రిక్యులేషన్ మూడవమారు నెగ్గినవాడు, కోరిన పట్టము దక్కనివాడు, రాత్రివేళ ఆసుపత్రి పాత్రలు కడిగినవాడు మానవదేహపు శక్తిరహస్యమును చేపట్టెను. ఒకమారు పరీక్ష తప్పిన విద్యార్థి గ్రంథాలయమున పుస్తకము తెరచి ఏ.టి.పి. అను అక్షరములను చూచినపుడు, ఈ జీవితమును తలచుకొని మరల చదువ మొదలిడుగాక. ఆ అక్షరములు పరీక్షలో మార్కుల కొరకే పుట్టలేదు. ఇద్దరు సోదరులను పోగొట్టుకొన్న ఒక తెలుగువాని జీవితకాల తపస్సు వానిలో నిలిచియున్నది.