డాక్టరు కానూరి లక్ష్మణరావుగారు

వరద కన్నులకు మిక్కుటముగా గన్పట్టును. అందు పైరున కక్కఱకు వచ్చునీ రెంతయో లెక్క తేలినగాని తెలియదు. అట్టి లెక్కకే జీవితమును ధారవోసిన మహనీయులు కానూరి లక్ష్మణరావుగారు.

వీరు 1902 జూలై 15వ తేదీన కృష్ణామండలమందలి కంకిపాడున జన్మించిరి. పాఠశాలలో నాటలాడుచు నొక కంటిచూపు గోల్పోయిరి. అయినను చదువు విడువక, 1939లో ఇంగ్లండునందలి బర్మింగుహాము విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము బడసిరి. స్వదేశమున ఆనకట్టల నిర్మాణశాస్త్రమందు ప్రఖ్యాతి గాంచి, 1962లో విజయవాడనుండి లోకసభ కెన్నికై, 1963లో కేంద్రమున నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖల మంత్రియైరి.

మన పల్నాటి మెట్టభూములలో పైరులు వానకై యెదురుచూచిన కాలమును పెద్ద లెఱుగుదురు. పడమటి కనుమల వర్షమును మోసికొని కృష్ణవేణి యీ నేలప్రక్కనుండియే సముద్రమునకు బోవుచుండెను. వీరు పాటుపడిన నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగెను; 1967లో కాలువలకు నీరు వదలబడెను. కుడికాలువ కృష్ణానీటిని గుండ్లకమ్మ పరీవాహప్రాంతమునకు గూడ జేర్చినది. ఒక నదినీటిని మఱియొక నదీప్రాంతమునకు మళ్లించుట యన నిదియే.

అయితే కొండలపై గురిసిన నీరెల్ల మళ్లింపదగినది కాదు. కొంత నేల నింకును, కొంత యావిరియగును, కొంత యెగువవారు వాడుకొందురు. మిగిలినది యేటేట మాఱుచుండును. సరాసరిని నమ్మి కాలువ త్రవ్వినచో, లోటువచ్చిన యేట చివరిరైతు పైరెండును. కావుననే నూఱేండ్లలో 75 ఏండ్లు తప్పక లభించు నీటినే లెక్కకు దీసికొందురు. 1973లో బచావతు న్యాయమండలి 78 ఏండ్ల ప్రవాహమును బరిశీలించి, కృష్ణయం దట్టి నీరు 2,060 టి.ఎం.సి.లని నిర్ణయించెను. ఒక టి.ఎం.సి. యనగా నూఱుకోట్ల ఘనపుటడుగులు.

1972లో లక్ష్మణరావుగారు గంగాకావేరీ సంధానమును ప్రతిపాదించిరి. హిమాలయములనుండి దిగి వర్షములతో బొంగు గంగనుండి, పాట్నాయొద్ద ఏటికి 150 దినములు, సెకండునకు 60,000 ఘనపుటడుగుల నీటిని గైకొని, 2,640 కిలోమీటర్ల మార్గమున దక్షిణమునకు దేవలెనని వీరి సంకల్పము. అందు 10,000 గంగాప్రాంతమునకే వినియోగింప దలచిరి. కాని నీటిని మెట్ట కెక్కించుటకు గావలసిన విద్యుత్తును, వ్యయమును జూచి ప్రభుత్వము వెనుదీసెను. ఎంత నీరున్నదో గణించిన చాలదు, ఎంత యెత్తున కెక్కింపవలెనో గూడ గణింపవలెనని యీ ప్రయత్నము మనకు నేర్పినది.

వీరు 1986లో దివంగతులైరి. పులిచింతల జలాశయము వీరి పేర వెలసినది. సంఘపోషకులారా! మనలో నెందఱో బీదవిద్యార్థులు వీరి బాట నడువ గోరుచున్నారు. వారి చదువునకు జేయూత నిండు. రేపు వారు వానను, ఏటిని సరిగా గొలిచిననాడు కాలువ చివరి రైతునకు నీ రందును. అదియే యీ మహనీయునకు మన మర్పింపగల నివాళి.