వడ్డీ రాయనన్న కలం: హజ్రత్ మౌలానా అన్వారుల్లాహ్ ఫారూఖీ (రహ్మలై)

వేరుశనగ విత్తే అదను వచ్చిందంటే చాలు, మా బెళుగుప్పలో నలుగురు కలిసిన చోటల్లా మాట అప్పు మీదికే పోతుంది. ఏడాది పొడుగునా 550 మిల్లీమీటర్ల వాన కూడా నిలకడగా పడని అనంతపురం నేల ఇది. విత్తనాలకు ఒక అప్పు, బోరుకు ఒక అప్పు, ఆడపిల్ల నికాహ్‌కు మరో అప్పు. ఒక జుమా నమాజు తరువాత ఒక రైతు సోదరుడు మా పక్కన వచ్చి కూర్చున్నాడు. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి డబ్బు దొరుకుతోందనీ, వేరే దారి లేదనీ, అల్లాహ్ మన్నిస్తాడా అనీ అడిగాడు. వడ్డీ హరామ్ అని మేము మస్అలా చెప్పాము. ఆయన తల వంచుకుని లేచి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. హైదరాబాదు జామియా నిజామియా సంస్థాపకులు మౌలానా ముహమ్మద్ అన్వారుల్లాహ్ ఫారూఖీ (రహ్మలై) జీవితంలోని ఒక ఘట్టం పదే పదే మనసులో మెదిలింది.

మౌలానాగారు 1848లో నాందేడ్ ప్రాంతంలోని కంధార్‌లో జన్మించారు. అప్పట్లో అది నిజాం రాజ్యంలోనిదే. తండ్రిగారు ఖాజీ. వంశం రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) వరకు వెళుతుంది, ఫారూఖీ అనే పేరు అందుకే. చిన్న వయసులోనే దివ్యఖుర్ఆన్‌ను కంఠస్థం చేశారు. ఫిరంగీ మహల్ పండితులైన మౌలానా అబ్దుల్ హలీమ్, మౌలానా అబ్దుల్ హై గార్ల వద్ద విద్య నేర్చారు.

హిజ్రీ 1285లో ఆయనకు నిజాం ప్రభుత్వ రెవెన్యూ శాఖలో ఖులాసా నవీస్ ఉద్యోగం దొరికింది. పెద్ద పెద్ద మిసిళ్ళు చదివి వాటి సారాంశం రాసిపెట్టే పని. సర్కారు నౌకరీ, నెల తిరిగేసరికి జీతం. ఇరవై దాటిన వయసు, ఇల్లాలున్న గృహస్థు. ఎంతో కాలం గడవకముందే ఒక మిసిల్ ఆయన ముందుకు వచ్చింది. అందులో ఉన్నది వడ్డీ లావాదేవీ. ఆయన దాని సారాంశం రాయలేదు. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ఇంటికి వచ్చేశారు.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆయన వడ్డీ తినలేదు, ఎవరికీ కట్టలేదు. ఎవరో ఇద్దరి మధ్య జరిగిన వ్యవహారాన్ని కాగితం మీద పెట్టడం, అంతే. కాని వడ్డీ తినేవాణ్ణి, తినిపించేవాణ్ణి, దాన్ని రాసేవాణ్ణి, సాక్షులిద్దరినీ దైవప్రవక్త (సఅసం) శపించారనీ, పాపంలో వారంతా సమానులేనని చెప్పారనీ సహీహ్ ముస్లింలో హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం ఉంది. మనం హదీసు విని తల ఊపుతాము. ఆయన కలం కింద పెట్టారు.

మరో ఉద్యోగం చూసుకుని ఈ ఉద్యోగం వదిలినవారు కారు. రాజీనామా తరువాత ఆయన చేసింది పాఠం చెప్పడం. హిజ్రీ 1292లో, అంటే 1876లో, మదరసా నిజామియాకు పునాది పడింది. ఆ ఏడాది వానలు తప్పాయి. మన పెద్దలు ధాత కరువు అని తలచుకునే ఆ మహా క్షామం 1876 నుంచి 1878 వరకు దక్కనును ఎండగట్టింది. మా అనంతపురం అప్పటికి బళ్ళారి జిల్లాలోని భాగం, 1882లో గాని వేరు పడలేదు. ఈ సీమలో లెక్కలేనంత మంది ఆకలితో పోయారు. అటువంటి కాలంలో పురుడు పోసుకున్న మదరసా అది.

1877లో ఆయన హజ్‌కు వెళ్ళి, మక్కాలో హజ్రత్ హాజీ ఇమ్దాదుల్లాహ్ (రహ్మలై) వద్ద బైఅత్ చేశారు. తిరిగి వచ్చాక బాలుడైన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు గురువుగా నియమితులయ్యారు. తరువాత ఏడవ నిజాంకు కూడా ఆయనే గురువు. ధర్మాదాయ వ్యవహారాల మంత్రి పదవి, ఫజీలత్ జంగ్ బిరుదు, అన్నీ వెతుక్కుంటూ వచ్చాయి. మదీనాలో మూడేళ్ళు ఉండి అరుదైన గ్రంథాలకు నకళ్ళు రాయించారు. 1888లో ఏర్పడిన దాయిరతుల్ మఆరిఫ్ వెనుక ఉన్న ప్రముఖుల్లో ఆయన ఒకరు. హదీసుల మహాసంకలనం కన్జుల్ ఉమ్మాల్ అక్కడే అచ్చయింది. వడ్డీ మిసిల్‌ను పక్కన పెట్టిన చేయి ఎన్ని పుస్తకాలను లోకానికి అందించిందో చూడండి.

అయితే ఒక పొరపాటు చేయకూడదు. నౌకరీ వదిలాడు గనుక రాజగురువు అయ్యాడు, మనమూ వడ్డీ వదిలితే ధనవంతులమవుతామని ఈ గాథను వ్యాపారంలా చదవకండి. కలం కింద పెట్టిన రోజున ఆయనకు రాజభవనం కనబడలేదు. అల్లాహ్ కనిపెట్టుకుని ఉన్నాడన్నది ఒక్కటే తెలుసు. తవక్కుల్ అంటే ఆ రోజుదే, తరువాత వచ్చిన పదవులది కాదు. హలాల్‌కు కట్టుబడి చివరి దాకా పేదగానే ఉండిపోయినవారు ఎందరో ఉన్నారు, అల్లాహ్ వద్ద వారి లెక్క వేరు.

మాకు మరో సంగతి కూడా తట్టింది. బఖరా సూరాలో వడ్డీని నిషేధించిన వాక్యాల వెంటనే, ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి గడువు ఇవ్వమనే ఆజ్ఞ ఉంది. మొదటి భాగం ఆ రైతుకు చెప్పాము. రెండవ భాగం డబ్బున్నవారికి చెప్పవలసింది, మేము చెప్పలేదు. మస్అలా చెప్పడానికి మాకు ఖర్చేమీ కాలేదు.

మరుసటి జుమా నాడు ఖర్జె హసనా గురించి ఖుత్బాలో మాట్లాడి, ముందుగా మా జేబులోంచే తీశాము. కొన్ని ఇళ్ళవారు కలిశారు. బోరుకు సరిపోయేంత పోగు కాలేదు, విత్తనాలకు సరిపోయింది. ఆ సోదరుడు బోరు ఆలోచన మానుకుని వేరుశనగలో కంది సాళ్ళు వేసి విత్తాడు.

మౌలానాగారు హిజ్రీ 1336లో, 1918లో పరమపదించారు. తాను స్థాపించిన మదరసా ఆవరణలోనే ఆయన సమాధి ఉంది. నేటికీ అక్కడ పిల్లలు పాఠాలు చదువుతున్నారు.