రెండు పుస్తకాలు రాసిన కెప్టెన్

గీత మూడో అధ్యాయం వీడియోలో మిథ్యాచారుడి గురించి మాట్లాడుకున్నాం కదా. పైకి ఇంద్రియాలని కట్టేసుకుని కూర్చుంటాడు, మనసు మాత్రం విషయాల చుట్టూనే తిరుగుతుంటుంది. ఆ వీడియో రాస్తున్నప్పుడు నాకు ఇంకో రకం మనిషి పదేపదే గుర్తొచ్చాడు. ఇతని భక్తి నటన కాదు. ప్రార్థన నిజం, పశ్చాత్తాపం నిజం. కానీ ఆ ప్రార్థన చేసిన ఓడలోనే, కింద అరలో, మనుషులు సంకెళ్ళలో పడి ఉన్నారు. పేరు జాన్ న్యూటన్. 'అమేజింగ్ గ్రేస్' పాట రాసిన ఇంగ్లండ్ పాస్టర్.

మన ఛానల్‌లో క్రైస్తవ బోధకుడి కథ ఏంటి అనుకోవచ్చు. తనని తాను ఎలా మోసం చేసుకున్నాడో స్వయంగా అచ్చు వేయించిన భక్తులు ఏ మతంలోనూ ఎక్కువమంది ఉండరు. అందుకని.

న్యూటన్ 1725లో లండన్‌లోని వాపింగ్‌లో పుట్టాడు. తల్లి దగ్గర కూర్చుని బైబిల్, కీర్తనలు నేర్చుకున్నాడు. ఏడేళ్ళు నిండకముందే ఆమె పోయింది. తండ్రి ఓడ కెప్టెన్. పదకొండేళ్ళకే కొడుకుని సముద్రం మీదకి తీసుకెళ్ళాడు. 1744లో బలవంతంగా నౌకాదళంలోకి లాగారు. పారిపోబోయి దొరికిపోయి కొరడా దెబ్బలు తిన్నాడు. అక్కడి నుంచి ఒక బానిస ఓడ ఎక్కి పశ్చిమ ఆఫ్రికా తీరం చేరాడు. అక్కడ ఒక బానిస వ్యాపారి దగ్గర పనికి కుదిరితే, అతనూ, అతనితో ఉన్న ఆఫ్రికన్ స్త్రీ కూడా న్యూటన్‌ని తిండి పెట్టకుండా, జ్వరంలో చూడకుండా, బానిసకన్నా హీనంగా ఉంచారు. అంటే ఆ బతుకు ఎలా ఉంటుందో ఇతనికి ఎవరో చెప్పక్కర్లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

1748 మార్చిలో గ్రేహౌండ్ అనే ఓడలో ఇంటికి వస్తుంటే అట్లాంటిక్‌లో పెద్ద తుఫాను. ఓడ పక్క చెక్కలు విరిగి నీళ్ళు లోపలికి వచ్చేశాయి. అప్పటిదాకా దేవుణ్ణి వెక్కిరిస్తూ తిరిగిన న్యూటన్ నోట దేవుడి దయ అనే మాట వచ్చింది. తన మాటకి తనే ఆశ్చర్యపోయాడు. ఎలాగో బతికి ఐర్లండ్ తీరం చేరారు. ఆ మార్చి 21వ తేదీని బతికినంత కాలం ప్రతి ఏడూ ప్రార్థనతో గుర్తుచేసుకున్నాడు.

ఇంటర్నెట్‌లో తిరిగే కథ ఇక్కడితో అయిపోతుంది. తుఫాను వచ్చింది, మనిషి మారాడు, బానిస వ్యాపారం వదిలేశాడు, పాట రాశాడు. వినడానికి బాగుంటుంది. కానీ జరిగింది అది కాదు.

తుఫాను తర్వాత అదే ఏడాది బానిస ఓడలో మేట్‌గా వెళ్ళాడు. 1750లో, తను ఏళ్ళ తరబడి ప్రేమించిన మేరీని పెళ్ళి చేసుకున్నాడు. ఆ ఏడాదే కెప్టెన్ అయ్యాడు. 1750 నుంచి 1754 వరకు మూడు ప్రయాణాలు, మూడూ మనుషుల్ని కొని అమ్మడానికే. భక్తి తగ్గిందా అంటే లేదు, పెరిగింది. ఆదివారం నావికుల్ని కూర్చోబెట్టి ప్రార్థన చేయించేవాడు. భార్యకి ప్రేమగా ఉత్తరాలు రాసేవాడు. ఆధ్యాత్మిక డైరీ మొదలుపెట్టాడు, అందులో తన లోపాలన్నీ వెతికి వెతికి రాసుకునేవాడు.

నేను సాఫ్ట్‌వేర్‌వాణ్ణి, రోజూ లాగ్స్ చదవడమే పని. ఆ లాగ్ అనే మాట మనకి ఓడల నుంచే వచ్చింది. న్యూటన్ ఓడ లాగ్ ఇప్పటికీ ఉంది, 1962లో పుస్తకంగా కూడా వచ్చింది. గాలి ఎటు వీచింది, ఎంతమందిని కొన్నాం, ఎవరు చనిపోతే సముద్రంలో వేశాం, అన్నీ ఉంటాయి. చనిపోయినవాళ్ళకి పేర్లు ఉండవు, నంబర్లు ఉంటాయి. ఒకసారి తిరుగుబాటు చేయబోతున్నారన్న అనుమానంతో కొందరు పిల్లల్ని నిజం చెప్పించడానికి బొటనవేళ్ళు నొక్కే ఇనుప స్క్రూల్లో పెట్టించాడు. అదీ మామూలు ఎంట్రీలాగే ఉంటుంది.

ఒకే చేత్తో, ఒకే టేబుల్ మీద రెండు పుస్తకాలు. ఒకదాంట్లో ఆత్మ, ఇంకోదాంట్లో సరుకు. ఒక పుస్తకంలో సంగతి ఇంకో పుస్తకాన్ని ప్రశ్నించనే లేదు. అబద్ధం ఎక్కడా రాయలేదు. మోసం ఆ రెండు పుస్తకాల మధ్య ఖాళీలో ఉంది.

మరి ఎప్పుడు మానేశాడు? 1754 చివర్లో, నాలుగో ప్రయాణానికి రెండు రోజుల ముందు, భార్యతో కూర్చుని ఉండగా ఉన్నట్టుండి స్పృహ తప్పి పడిపోయాడు. డాక్టర్లు సముద్రం వద్దన్నారు. అంతే. వదిలించింది జబ్బు, మనస్సాక్షి కాదు. లివర్‌పూల్‌లో కస్టమ్స్ ఉద్యోగం చేశాడు, గ్రీకు, హీబ్రూ నేర్చుకున్నాడు. 1764లో ఓల్నీ అనే ఊళ్ళో పాస్టర్ అయ్యాడు. అదే ఏడాది ఆత్మకథ వచ్చింది. తాగుడు, తిట్లు, నాస్తికత్వం, అన్నీ ఒప్పుకున్నాడు. బానిస వ్యాపారం దగ్గరకొచ్చేసరికి మాత్రం, అది తనకి నచ్చని పని, జైలర్ ఉద్యోగం లాంటిది, ఇంకొంచెం దయగల పని ఇప్పించమని ప్రార్థించేవాణ్ణి, కానీ అది తప్పు అన్న అనుమానం అప్పట్లో ఒక్కసారీ రాలేదు అనే ధోరణిలో రాశాడు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా భయం వేసేది ఈ చోటే. ఆత్మపరిశీలన చేయని మనిషి అయితే సరే అనుకోవచ్చు. ఇతను రోజూ చేశాడు. కానీ మనం మనల్ని అడిగేది మనకి తట్టిన ప్రశ్నలే కదా. టెస్టులన్నీ పాస్ అవుతుంటాయి, బగ్ ఉన్న చోట అసలు టెస్టే రాసి ఉండం. చుట్టూ ఉన్న మర్యాదస్తులూ అడగలేదు, ఆ వ్యాపారం అప్పట్లో గౌరవమైనదే. 'అమేజింగ్ గ్రేస్' 1773 జనవరి 1న ఓల్నీలో ప్రసంగం కోసం రాశాడు. అప్పటికీ ఈ విషయం మీద బయట ఒక్క మాట మాట్లాడలేదు.

1780లో లండన్ వచ్చి సెయింట్ మేరీ వుల్‌నాత్ చర్చిలో చేరాడు. 1785 చివర్లో విలియం విల్బర్‌ఫోర్స్ అనే 26 ఏళ్ళ ఎంపీ, ఎవరికీ తెలియకుండా ఆయన్ని కలిశాడు. రాజకీయాలు వదిలేసి పూర్తిగా దేవుడి సేవలోకి వెళ్ళాలా అన్నది అతని సందేహం. న్యూటన్ పార్లమెంటులోనే ఉండమన్నాడు. 1787లో బానిస వ్యాపారాన్ని రద్దు చేయించాలని లండన్‌లో ఒక కమిటీ ఏర్పడింది. కళ్ళారా చూసినవాళ్ళ సాక్ష్యాలు కావాలని వెతకడం మొదలైంది. న్యూటన్ అడగని ప్రశ్న ఇప్పుడు ఊరంతా అడుగుతోంది.

1788లో, 62 ఏళ్ళ వయసులో, ఓడ దిగిన 34 ఏళ్ళకి, ఆఫ్రికా బానిస వ్యాపారం మీద ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. రెండు పుస్తకాలూ మొదటిసారి ఒకటయ్యాయి. ఇద్దరిద్దరికి కలిపి చేతులకీ కాళ్ళకీ సంకెళ్ళు ఎలా వేస్తారో, షెల్ఫులో పుస్తకాల్లా ఎలా పడుకోబెడతారో, పొద్దున చూస్తే ఒకే గొలుసులో ఒకరు బతికి, ఒకరు చచ్చి ఎలా ఉంటారో, ఆడవాళ్ళకి ఏం జరుగుతుందో రాశాడు. ఈ ఒప్పుకోలు చాలా ఆలస్యమైందని తనే అన్నాడు. అది పార్లమెంటు సభ్యులకి చేరింది. అంతటితో ఆగకుండా ప్రివీ కౌన్సిల్ ముందు, తర్వాత కామన్స్ సభ కమిటీ ముందు నిలబడి సాక్ష్యం చెప్పాడు. గౌరవంగా బతుకుతున్న ముసలి పాస్టర్‌కి ఇది సులువైన పని కాదు.

1793లో, మేరీ పోయిన తర్వాత, ఆమెకి ఓడ మీద నుంచి రాసిన ఉత్తరాలు ప్రచురించాడు. అలాంటి పని చేస్తూ భయంతో ఎందుకు వణికిపోలేదో తనకే అర్థం కావట్లేదంటూ, కళ్ళు మూసినవి మూడని చెప్పాడు: అలవాటు, చుట్టూ ఉన్నవాళ్ళ తీరు, లాభం. ఆ మూడింటిలో సైతాను లేడు. నిందని బయటికి తోసేయలేదు. అందుకే ఈ ఒప్పుకోలు 1764 నాటిదానికన్నా నిజాయితీ గలదని నేననుకుంటాను.

చివరి రోజుల్లో చూపు దాదాపు పోయింది, జ్ఞాపకం తగ్గింది. అయినా ప్రసంగాలు చాలాకాలం ఆపలేదు. 1807 మార్చి 25న బ్రిటన్‌లో బానిస వ్యాపారాన్ని రద్దు చేసే చట్టం వచ్చింది. అదే ఏడాది డిసెంబర్ 21న న్యూటన్ చనిపోయాడు.

తన స్మారక శిలాఫలకం మీద ఏం ఉండాలో ముందే రాసిపెట్టుకున్నాడు. ఒకప్పటి అవిశ్వాసిననీ, ఆఫ్రికాలో బానిసలకి సేవకుడిగా బతికాననీ, దేవుడు క్షమించి బోధకుణ్ణి చేశాడనీ అందులో ఉంటుంది. కెప్టెన్‌గా చేసిన మూడు ప్రయాణాల సంగతి ఆ రాతి మీద లేదు. అది తెలియాలంటే 1788 నాటి ఆ చిన్న పుస్తకం తెరవాలి.